గుర్రం ఏడు పిల్ల

రెండు వేల పద్దెనిమిది, చలికాలం. జుమున్‌జిన్ రేవులో పడవలు కదలడం లేదు. ముసలివాళ్ళమంతా వృద్ధుల గదిలో వెచ్చటి నేలమీద చేరాం. నిరుడు ఒక్కగానొక్క కూతుర్ని మట్టిచేసిన యంగ్‌రె అవ్వ ఓ మూల కూర్చుని ఎండుచేపల తోలు ఒలుస్తోంది. సామ్‌చొక్ నుంచి కొడుకు దగ్గరికి కొత్తగా వచ్చిన గు పాన్‌సొక్ మక్కొలి కల్లు గిన్నె ఎత్తాడు.

"పుట్టిన ఏడు చెబితే చాలు. పన్నెండు జంతువుల వరసలో అది ఏ జంతువు ఏడో, వయసెంతో, ఎవరు ఎవర్ని 'అన్నా' అని పిలవాలో రెప్పవేసేలోగా తేల్చేస్తాను."

"అది మా మనవరాలూ చేస్తుంది," అన్నాడు మాలో ఒకడు, చున్‌బొ.

"మీ మనవరాలు దగ్గు విని చెబుతుందా? నేను చెబుతా. ఊరి స్నానాలగది, నిండా ఆవిరి, మనిషి కనపడడు, అవతల ఎవడో దగ్గాడు. 'ఏమయ్యా, ముప్పైనాలుగులో పుట్టిన కుక్క ఏడువాడా, వీపు రుద్దమంటావా?' అన్నాను. సబ్బు వదిలేసి నా కాళ్ళమీద పడ్డాడు!"

"ఆ సబ్బుమీదే జారి పడుంటాడు."

"నవ్వండి, నవ్వండి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొండమీద పక్కపక్కనే రెండు సమాధులు, లోపల నేను పెద్దంటే నేను పెద్దని ఒకటే గోల, ఊరంతటికీ నిద్ర లేదు, నన్ను పిలిపించారు. లెక్కగట్టి, 'ఒరే, నీది ఎద్దు ఏడు, వాడిది అంతకు ముందొచ్చిన ఎలుక ఏడు, వాడే పెద్ద' అన్నాను. మట్టిలోంచి సన్నగా 'అన్నా' అని వినపడింది!"

"చచ్చినా నీతో సుఖం లేదన్నమాట."

"అదంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఎనభైతొమ్మిదిలో, ఆకులు రాలేవేళ, నేనొక వంశాన్నే నిలబెట్టాను. పడవల యజమాని కొడుక్కి సంబంధం కుదిరింది, పిల్ల ఇంటికి పట్టుబట్టల పెట్టె కూడా పంపేశారు, అప్పుడు నన్నడిగారు. పిల్ల పుట్టింది అరవై ఆరులో. అరవై ఆరంటే ఏమిటి? గుర్రం! గుర్రం ఏడు ఆడది గడప తొక్కితే మొగుడు మిగులుతాడా? వద్దన్నాను. ఆ పెట్టె వెనక్కి తెప్పించారు. ఆ పూటే చేపలు వాటంతటవే వాళ్ళ పడవల్లోకి ఎగిరాయి, బరువుకి రేవు మూరెడు కుంగింది, మంచం పట్టిన తాతకి పళ్ళు మొలిచి తనకీ పెళ్ళి చేయమన్నాడు!"

గదంతా ఘొల్లుమంది.

"పిల్ల తల్లి ఏమీ అనలేదా?" అని అడిగింది యంగ్‌రె అవ్వ. ఆమె చేతులు ఆగలేదు.

"అనకేం! వాళ్ళ గేటు పట్టుకుని ఏడ్చిందట, నా కూతురిది పాము ఏడేనని. గుర్రాన్ని కన్న ప్రతి తల్లీ ఆ మాటే అంటుంది!"

అప్పుడు యంగ్‌రె అవ్వ అంది: "అది జనవరి మొదట్లో పుట్టింది. ఆ ఏడు చంద్రుడి లెక్కన వచ్చే మన కొత్త సంవత్సరం జనవరి ఇరవై దాటాక వచ్చింది. పండగనాడు బియ్యపు బిళ్ళల పులుసు తాగుతుంటే నా ఒళ్ళో ఉంది. పుట్టగానే ఒక ఏడు, పండగతో ఇంకొకటి, నెల నిండకుండానే రెండో ఏడు వచ్చేసిందని మా అత్త నవ్వింది. గుర్రం ఏడు ఆ పొద్దున గదయ్యా మొదలైంది? అంతకు ముందు పుట్టిన పిల్ల పాము కాక ఇంకేమవుతుంది? అంకె చూశావు గానీ, నెల అడిగావా?"

పాన్‌సొక్ గిన్నె కింద పెట్టాడు.

"నాకేం తెలుసమ్మా," అన్నాడు. "అప్పుడే వచ్చి చెప్పి ఉంటే..."

"చెప్పాను. గేటు పట్టుకుని."

ఆ పిల్ల పేరు బొక్‌సిల్. పెట్టె వెనక్కి పోయాక, గుర్రం పిల్ల అన్న మాట తీరమంతా పాకింది. ఇంకే ఇల్లూ ఆమెను కోడలిగా అడగలేదు. నిరుడు పోయేదాకా రేవులో చేపలు కోసింది.