చెక్ ట్రేలో లేహ్యం

కృత్తివెన్నులో రొయ్యల చెరువు గట్టు. కాపలా షెడ్డులోంచి లోహిత్ పారిపోవడానికి ఉన్నది ఒక్కటే గుమ్మం. అక్కడ నిలబడి ఉంది ఐశ్వర్య, గుడివాడలో నర్సు, పోయిన నెల అతనితో తాంబూలాలు పుచ్చుకున్న పిల్ల.

“...అందుకనే పెళ్లి ఆపేద్దామంటున్నానండీ.”

“అందుకని అంటే, ఎందుకని?”

“ఒంట్లో బాగోలేదు.”

“ఒంట్లో ఎక్కడ?”

“ఎక్కడంటే... మొత్తం.”

“మొన్నటిదాకా ‘నువ్వు’ అనేవాడివి, ఇవాళ ఈ ‘అండీ’లేంటి? చెప్పు బావా, నేను నర్సుని.”

“ఇక్కడ ఒక్కడినే ఉంటాను కదా... చేతిలో ఫోను... అలవాటైపోయింది.”

“ఏది?”

“అదే.”

“ఓ, అదా! హస్తప్రయోగమా?”

“మెల్లిగా! గట్టు మీద మనుషులున్నారు.”

“దానికి పెళ్లి ఆపడమేంటి?”

“నరాలు చచ్చుబడతాయంట. పిల్లలు పుట్టరంట. బందరు లాడ్జీలో ఓ వైద్యుడు చెప్పాడు. లేహ్యం కూడా ఇచ్చాడు.”

“తిన్నావా?”

“ముందు చెక్ ట్రేలో వేసి చూశా.”

“రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెంలోనా!”

“కొత్త మేత ఏదైనా అలాగేగా చూస్తాం. ఒక్కటీ ముట్టలా.”

“నీకంటే అవే నయం! విను. దానివల్ల నరాలూ చావవు, పిల్లలూ ఆగరు. కానీ నిద్రా పనీ మాని అదే ధ్యాసైతే, ఒళ్లు ఒరుసుకుపోయేదాకా వస్తే మాత్రం పట్టించుకోవాలి.”

“వచ్చింది. మొన్న నీళ్లకి గాలందించే ఏరేటర్లు ఆగిపోయినా చూసుకోలా. గాలందక రొయ్యలన్నీ చచ్చి తేలిపోయేవే.”

“అయితే ఈ ఫోను ఇంట్లో పెట్టు, ఇక్కడికి బటన్ ఫోను చాలు. ఎవరినైనా తోడు ఉంచుకో. మనసు అటు లాగినప్పుడల్లా లేచి గట్టు చుట్టూ తిరుగు. ఒకరోజు తప్పినా ఏడుస్తూ కూర్చోకు. అప్పటికీ నీ వల్ల కాకపోతే, మా ఆస్పత్రిలో మానసిక వైద్యులు ఇందిర గారున్నారు, నేనే తీసుకెళ్తా.”

“ఆవిడ నవ్వరూ?”

“నేను నవ్వానా?”

“నువ్వు నవ్వుతూనే ఉన్నావుగా!”

“అది లేహ్యానికి. ఉండు, పర్సులోంచి నువ్వు తాంబూలాలప్పుడు పెట్టిన ఉంగరం తీయనీ.”

“ఉంగరం పర్సులో ఎందుకుంది?”

“తిరిగిచ్చేద్దామని వచ్చాను. తలుపేసుకుని ఫోన్లో ఎవత్తెతోనో సరసాలాడుతున్నావని మీ అంకమ్మరావు బాబాయి చెప్పాడు. ఎవత్తీ లేదన్నమాట! ఊఁ, తొడుగు.”