ఎగిరే పుంజు ఫొటో కింద పేరు

టీ కొట్టు ముందు రెండు బల్లలుంటాయి. ఒకటి జనం కూర్చోవడానికి, రెండోది క్లిక్కు బాబాయ్ కాలు పెట్టడానికి. కాలు బల్ల మీద పెడితే గానీ ఆయనకు గొంతు లేవదు. పక్కనే ఆయన ఫొటో స్టూడియో. ఆ గుమ్మంలో ఆయన భార్య, వీధంతా పిన్నీ అని పిలిచే మనిషి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడింది.

ఆ రోజు కోతలకు మంచి కారణమే దొరికింది. స్టూడియో పేరుతో పోటీకి పంపిన ఫొటోకి మొదటి బహుమతి వచ్చింది. పెద్ద హాల్లో గోడంత చేసి తగిలిస్తారట. నింపి పంపమని ఒక కాగితం కూడా వచ్చింది. అందులో రెండే ఖాళీలు. ఒకటి, ఫొటో తీసినవారి పేరు. రెండోది, ఆ ఫొటోకి ప్రేరణ. సాయంత్రం టపాలో అది వెళ్ళిపోవాలి. ఆ కాగితం బాబాయ్ చేతిలో, ఫొటో కాపీ ఒకటి జనం చేతుల్లో ఉన్నాయి.

ఆ ఫొటో తీసింది పిన్ని.

ఇరవై రెండేళ్ళుగా బాబాయ్ "ఇది పట్టుకో" అని కెమెరా ఆవిడ చేతిలో పెడతాడు, ఆవిడ పట్టుకుంటుంది, ఆయన మళ్ళీ తీసుకుంటాడు. ఒక్కసారి తీసుకోవడం ఆలస్యమైంది, ఆవిడ నొక్కేసింది. ఈ సంగతి వాళ్ళిద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. ఆయన కోతలంటే పిన్నికి కోపమేమీ లేదు, వినడం సరదా కూడా. కానీ ఎప్పుడూ లేనిది, ఈసారి పేరు రాయడానికి ఒక ఖాళీ ఉంది. ఆ ఖాళీలో తన పేరు చూసుకోవాలని ఆవిడకు ఎంత కోరికగా ఉందో చెప్పలేం. అడిగి రాయించుకోవడం ఇష్టం లేదు. ఆయనే చెప్తాడేమోనని నిలబడింది.

"అందులో గొప్పేముంది?" అని మొదలుపెట్టాడు బాబాయ్. "పొద్దున్నే వీధిలోకొచ్చాను. మన టైలరు పుంజు ఎదురొచ్చింది. వంగాను, నొక్కాను. అంతే!"

"ఇంతేనా?" అన్నాడు టీ కొట్టాయన.

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"ఇంతేనా? పుంజంటే ఏం పుంజనుకున్నావయ్యా! దూడంత ఉంది. కళ్ళు చింతనిప్పులు. వీధిలో ఒక్క తలుపు తెరిచి లేదు, కుక్కలన్నీ గోడలెక్కి కూర్చున్నాయి..."

"బాబాయ్, మా పుంజు రెండు కిలోలు కూడా తూగదు," అన్నాడు టైలరు.

"మీ ఇంట్లో తూగదయ్యా! వీధిలోకొచ్చాక దాని సంగతి నీకేం తెలుసు? నా ఎదురుగా నిలబడి రెక్కలు విప్పింది. నేను కదిలానా? కదల్లేదు! మోకాళ్ళ మీద కూర్చుని కెమెరా ఎత్తాను. అది ఎగిరింది. ఎంత ఎత్తనుకున్నారు? కరెంటు తీగల దాకా! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తీగ తగిలిందా?"

"తగలనిస్తానా? 'కాస్త ఎడమకి జరుగు' అన్నాను. జరిగింది! 'గడ్డం కొంచెం పైకి' అన్నాను. ఎత్తింది! నా ముందు పాస్‌పోర్టు ఫొటోకి కూర్చున్న పెద్ద పెద్ద ఆఫీసర్లే ఆ మాట ఒక పట్టాన వినరు. ఇంతలో ఎండ మబ్బు చాటుకు పోయింది. తలెత్తి ఒక్క కేక వేశాను. వచ్చేసింది! మరీ ఎక్కువ వచ్చింది. 'అంతొద్దు, కొంచెం తగ్గు' అంటే తగ్గింది కూడా!"

వినేవాళ్ళ టీలు చల్లారిపోయాయి. పిన్నికి నవ్వాగలేదు, కానీ నవ్వుతూనే కాగితం వైపు చూసింది. పెన్ను ఆయన జేబులోనే ఉంది మరి.

"అప్పుడు నొక్కాను. నేను నొక్కితే కాలం ఆగిపోయింది. నిజమండీ! తాతగారూ, మీరే చెప్పండి, ఆ పొద్దున మీ కొట్లో గడియారాలన్నీ ఆగిపోయి లేవూ?"

వాచీలు బాగుచేసే తాత తాపీగా అన్నాడు: "ఆగిపోయినవే కదటోయ్ నా దగ్గరికొచ్చేది."

అందరూ గొల్లుమన్నారు. బాబాయ్ తగ్గలేదు. "పుంజు కిందకి దిగి, తిన్నగా మా స్టూడియోలోకొచ్చి, అద్దంలో జుట్టు సవరించుకుని, రెండు కాపీలు కావాలంది!"

"ప్రేరణ సంగతి చెప్పు బాబాయ్, ప్రేరణ!" అన్నాడు టీ కొట్టాయన.

"ప్రేరణ!" బాబాయ్ కళ్ళు మూసుకున్నాడు. "అందరికీ అది బుర్రలో పుడుతుంది. నాకలా కాదు. అరికాళ్ళలో మొదలవుతుంది. ఒళ్ళంతా పాకుతుంది. ఇక నన్ను నేను ఆపుకోలేను." అలా అంటూనే పెన్ను తీసి, మూత విప్పి, మొదటి ఖాళీ మీదికి వంగాడు.

పిన్నికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లోపలికి వెళ్ళిపోదామని వెనక్కి తిరిగింది.

"కాస్త ఆగవోయ్," అన్నాడు తాత. చిన్న చిన్న చక్రాలు చూసే భూతద్దం కంటికి బిగించుకుని అప్పటిదాకా ఫొటోలో తలదూర్చి ఉన్నాడాయన. "ఈ మూల నీళ్ళ డ్రమ్ము మీద ఉన్నదెవరు?"

"అదా? అదేదో మరకండీ. కోసెయ్యమని మా ఆవిడకి చెప్పాను కూడా."

చెప్పిన మాట నిజమే. కళ్ళజోడు పెట్టుకుంటే గిరాకీ పోతుందని జేబులో దాచుకునే మనిషికి అది మరకలాగే కనిపించింది. అది మరక కాదని పిన్నికి చీకటిగదిలో ఫొటో కడిగేటప్పుడే తెలిసింది. అందుకే కొయ్యలేదు.

"మరకకి గళ్ళ చొక్కా ఉందోయ్," అన్నాడు తాత. "రెండు కాళ్ళూ డ్రమ్ము మీదికి ముడుచుకుంది. ఒక కాలికి చెప్పు లేదు."

టైలరు ఆ భూతద్దం లాక్కున్నాడు. చూశాడు. తలెత్తి బాబాయ్ చొక్కా చూశాడు. మళ్ళీ ఫొటో చూశాడు. "ఇది నేను కుట్టిన చొక్కానే! జేబు మీద గళ్ళు కలవలేదని నెల రోజులు నాతో పోట్లాడారు. ఇదిగో, కలవలేదు!"

టీ కొట్టాయన నెమ్మదిగా అడిగాడు. "మరి బాబాయ్ డ్రమ్మెక్కి కూర్చుంటే, కెమెరా ఎవరి చేతిలో ఉన్నట్టు?"

అందరి తలలూ స్టూడియో గుమ్మం వైపు తిరిగాయి.

బాబాయ్ కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. ఫొటో దగ్గరికి తెచ్చుకుని డ్రమ్ము మీద మనిషిని చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత కళ్ళు పుంజు మీదికి వెళ్ళాయి. విప్పిన రెక్కల మీద ఎండ, లేచిన దుమ్ము, నేలకు అంత దగ్గరగా కూర్చుని పట్టుకున్న ఆ క్షణం. ఇన్నాళ్ళూ ఆ ఫొటో గురించి మాట్లాడాడే గానీ సరిగ్గా చూసింది ఇప్పుడే.

"అబ్బ, ఏం తీశావే!" అన్నాడు. అది మాత్రం కోత కాదు.

గుమ్మం దాకా వెళ్ళి, కాగితమూ పెన్నూ ఆవిడ చేతిలో పెట్టాడు. "ఇది పట్టుకో," అన్నాడు. ఈసారి మళ్ళీ తీసుకోలేదు.

పిన్ని కాగితాన్ని గుమ్మానికి ఆనించింది. తన పేరు మొత్తం, ఇంటిపేరుతో సహా, ఖాళీ నిండా రాసుకుంది. సంతోషం పట్టలేక ఒకసారి పైకి చదువుకుంది కూడా. వీధి వీధంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్ల మధ్యే రెండో ఖాళీ కూడా నింపింది.

"ప్రేరణేం రాశావమ్మాయ్?" అన్నాడు తాత.

"మా ఆయన పరుగు."

నవ్వులకు టీ గ్లాసులు ఒలికిపోయాయి. అందరికన్నా ముందు తేరుకున్నది బాబాయే. పరుగున వచ్చి కాలు మళ్ళీ బల్ల మీద పెట్టాడు.

"విన్నారా? ప్రేరణ నేనే! అయినా భయపడి పరిగెత్తాననుకున్నారా? పుంజుని సరైన వెలుతురులోకి లాక్కురావద్దూ? ఆ పరుగు చూడాల్సింది! గాలి నా వెనకపడి, అందుకోలేక, మలుపులో ఆగిపోయింది. ఆ తర్వాత ఏమైందో..."

"తెలుసు బాబాయ్," అన్నాడు టైలరు. "ఆ పరుగులో ఊడిన చెప్పు మా ఇంట్లోనే ఉంది. ఎవరిదా అని ఇన్నాళ్ళూ దాచాను. ఇప్పుడే వచ్చి తీసుకెళ్ళండి. పుంజు కూడా ఇంట్లోనే ఉంది."

బాబాయ్ బల్ల మీంచి కాలు దించాడు.