అక్క వేయించిన వేడి బోరు

బోరు వేయించుకోవాలా వద్దా అనా నీ సందేహం, టూవా? కూర్చోవమ్మా, కాఫీ పోసుకో. ఖర్చు సంగతి చెప్పాలంటే మా అక్క సిగ్బ్రిట్ గురించి చెప్పాలి. నువ్వు పుట్టిన కొత్తలోనే పోయిందిలే. మా ఇద్దరికీ పెళ్లిళ్లు లేవు, ఈ ఇంట్లోనే ఉండేవాళ్లం. అప్పట్లో కింద నేలమాళిగలో కట్టెల పొయ్యి ఉండేది. మన యెమ్ట్‌లాండ్ చలి సంగతి నీకు తెలుసుగా, పొద్దునా రాత్రీ దాన్ని మేపాల్సిందే, దానికన్నా ఆవు నయం. ఆ పొగకి నా ఊపిరితిత్తులు కాస్తా పాడయ్యాయి, ఒకటే దగ్గు. ‘ఎవర్ట్, ఈ పొగలోనే ఉంటే ఎక్కువ కాలం బతకవు, పట్నంలో ఫ్లాటు చూసుకో’ అన్నాడు డాక్టరు. పట్నమా! నేనా! ఈ కొండ కనపడకపోతే నాకు ముద్ద దిగదు.

నాన్న నాటిన స్ప్రూస్ చెట్లుండేవి, అవంటే అక్కకి ప్రాణం. చర్చికి వెళ్లడమైనా మానేది గానీ ఆదివారం వాటిని చూడకుండా ఉండేది కాదు. అన్నీ కొట్టించి అమ్మేసింది! వచ్చిన క్రోనర్లన్నీ బోరుకే. నీళ్లకి కాదు, భూమిలో ఉన్న వెచ్చదనం పైకి లాగడానికి. రాయి తొలుస్తుంటే బూడిదరంగు బురద ఎగజిమ్మి పక్కింటి హాల్వార్ గుమ్మం దాకా పోయింది. వాడు ఊరుకుంటాడా? ‘ఏం సిగ్బ్రిట్, పెట్టింది తిరిగి రావడానికి పన్నెండేళ్లట. ఈ వయసులో... అప్పటిదాకా ఉంటావా?’ అన్నాడు. అక్క బోరు వాళ్లకి ఏడు రకాల బిస్కెట్లు పెడుతోంది మరి, మన వైపు ఆచారం కదా, ఒక్క రకం తగ్గినా పరువు పోదూ! తల కూడా ఎత్తలేదు. ‘నేనుంటానని ఎవడన్నాడు? వాడుంటాడు’ అంది, గడ్డంతో నన్ను చూపించి.

లోటు లేదని అనను. కరెంటు బిల్లు వస్తుంది, బోరులోంచి వేడి లాగే మిషన్ ఒకసారి మార్చాల్సొచ్చింది. పొయ్యి పోయాక నేలమాళిగ చల్లబడి అక్కడ బట్టలు ఆరవు. కరెంటు పోయిందా, ఇల్లు మంచుగడ్డే. ఇంకోటి చెప్పనా, మొదటి చలికాలమంతా అక్క అలవాటు చొప్పున పొద్దున్నే చేతుల నిండా కట్టెలతో కిందికి దిగిపోయేది. అక్కడ పొయ్యేదీ? దాని చోట ఫ్రిజ్జంత మిషన్ డబ్బా, గుర్రుమంటూ. ‘ఛీ, నా మతి మండా’ అని తనని తానే తిట్టుకుని, ఆ కట్టెలు డబ్బా పక్కనే పేర్చేసి వచ్చేది. మూడో చలికాలానికి మనిషే లేదు, ఆ కట్టెలు మాత్రం ఇంకా అక్కడే ఉన్నాయి. కరెంటు పోతే వంటింటి పొయ్యికి పనికొస్తాయి కదా అంటారు అందరూ. కోటు తొడుక్కుని కూర్చుంటాను గానీ వాటిని ముట్టను.

లాభమా? ఆ పన్నెండేళ్లు ఎప్పుడో దాటిపోయాయి తల్లీ. ఇంతసేపు వాగాను కదా, ఒక్కసారైనా దగ్గానా?

...ఆ కప్పు ఇటివ్వు, చల్లారిపోయింది.