గొర్రెల ముఖాలు, నీళ్ళ రంగులు

కాటమయ్యంట, కనిగిరి మెట్టలో గొర్రెలు కాసేవాడు. ఆ ఏడు వానల్లేక గడ్డి మాడిపొయ్యింది. ఇంక ఆడుంటే జీవాలు దక్కవని నలభై గొర్రెల్ని తోలుకుని ఇట్టా సముద్రం దిక్కుకొచ్చాడు. మన పల్లె పక్కన పల్లంలో పచ్చిక కనబడేసరికి ప్రాణం లేచొచ్చి ఆడే మంద దించాడనుకో. ఆ గట్టునే మన పోలమ్మ చేపలెండేసుకునేది. ఆమె మొగుడూ కొడుకులూ అందరూ సముద్రం మీద చేపల వేటకి పొయ్యేవాళ్ళే. ఒకరోజు ఇద్దరూ మాట్లాడుకుంటా ఉండగా కాటమయ్య మందొంక ఒక్క చూపు చూసి, "మొన్న ఈనిన గొర్రె కనబళ్ళా పెద్దమ్మా" అని లేచాడంట. లెక్కన్నా పెట్టలా. పొయ్యి చూస్తే ముళ్ళకంపలో తగులుకోనుంది. పోలమ్మ బుగ్గన వేలేసుకుని, అన్నీ ఒక్క తీరుగా ఉంటే నీకెట్టా తెలిసిందయ్యా అంది. "ఒక్క తీరుగా యాడుండాయి, దేని ముఖం దానిదే గదా" అన్నాడు. గొర్రెలకి ముఖాలుంటాయని ఆమెకి అప్పుడే తెలవడం.

ఆ తర్వాత ఏమైందంటే, పది రోజులకి పొద్దున్నే పోలమ్మ గబగబా వచ్చింది. "మందని ఇసక దిబ్బ మీదికి తోలు అబ్బయ్యా. సముద్రం తేడాగా ఉండాది, మావోళ్ళు పడవలు పైకి లాగేశారు" అంది. కాటమయ్య ఏం చేశాడు, ఆకాశం చూశాడు. మెట్ట మనిషి గదా, వాళ్ళకి మంచైనా చెడైనా పైనుంచే రావాల. మబ్బు తునకన్నా లేదు. సముద్రమొంక చూశాడు. నీళ్ళు. నిన్నా ఇట్టనే ఉంది గదా అన్నాడు. "నిన్న ఇట్టా యాడుంది? ఆ దూరాన బురద రంగు చూడు. అలకీ అలకీ మద్దెన ఎడం చూడు." చూశాడు, కళ్ళు చికిలించి మళ్ళా చూశాడు. ఏం కనబళ్ళా. దిబ్బ మీదేమో గడ్డిపోచ లేదు, గొర్రెలు అప్పటికే చిక్కిపొయ్యి ఉండాయి. ఈమె మాట వింటే వాటి కడుపు మాడ్చాల, వినకపోతే ఏమవుద్దో తెలీదు. అట్టా నిలబడిపొయ్యాడంట పాపం. పోలమ్మ కోపం తెచ్చుకోలా. "నీ గొర్రెల ముఖాలు నాకు కనబళ్ళా. అయినా నువ్వు ఉండాయంటే నమ్మాను గదా" అంది, అంతే.

కర్ర తీసుకున్నాడు. నడవలేని గొర్రెపిల్లని భుజానేసుకున్నాడు. పల్లెలో ఆడోళ్ళొచ్చి తలా ఒక పిల్లని ఎత్తుకున్నారు. మద్దేన్నానికి గాలి లేచింది. పొద్దుగూకేలోపల ఆ పల్లమంతా నడుంలోతు ఉప్పునీళ్ళు. నలభై గొర్రెలూ దిబ్బ మీద అరుస్తా ఉంటే కాటమయ్య ఆ నీళ్ళొంక చూసి కూలబడి ఏడ్చాడంట. పల్లంలో నీళ్ళు తీసేదాకా మనోళ్ళే చింతరొట్ట కొట్టుకొచ్చి మేపారు.

వానలు పడ్డాక ఊరికి పొయ్యాడు. పైయేడు గడ్డికి కరువు లేకపొయినా వచ్చాడు, పెళ్ళాన్ని వెంటబెట్టుకుని. గట్టున కూర్చుని పోలమ్మ సముద్రం నీళ్ళు చూపిస్తా ఉంటే ఇద్దరూ చూసేవాళ్ళంట. మూడో రోజుకి, "రెండు రంగులు దొరికినయ్యి పెద్దమ్మా. మూడోది నువ్వు ఉందంటున్నావు గాబట్టి ఉందనుకుంటన్నా" అన్నాడంట.

నవ్వమాకండి. ఏమయ్యా, ఇందాకట్నించి రాస్తా ఉండావే, ఆ కాగితం మీద నీకు నా మాటలు కనబడతన్నాయి, నాకు చీమల బారు కనబడతా ఉంది. ఇట్టా జరుగు. నా పేరు యాడుందో వేలు పెట్టి చూపించు. మెల్లిగా.