మరిడమ్మ చెప్పిన పదిహేను గంటలు

సభకు పెద్దగా కూర్చుని నన్ను ఇంతసేపు పొగడ్తలతో మోసిన డాక్టరు రాజ్ కుమార్ గారికి, ముందు వరసలో ఉన్న మా ఆసుపత్రి పెద్దలకి, నర్సమ్మలకి, ల్యాబు వాళ్లకి, చర్చి నుంచి వచ్చిన మా సంఘస్తులకి, నా కోసం రీడింగులు మధ్యలో ఆపుకుని వచ్చిన కరెంటు మీటర్ రీడరు అమ్మిరాజు గారికి, చివరి వరసలో తలుపు పక్కన కూర్చున్న సత్యవాణికి, అందరికీ నా వందనాలు. సత్యవాణీ, నువ్వు ముందుకొచ్చి కూర్చోవచ్చమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. సరే, రాదు. మొండితనంలో అత్తగారి పోలికే.

నాకు ప్రసంగాలు చేతకావు. ముప్పై మూడేళ్లుగా, ఇవాళ రిటైరయ్యేదాకా, నా ఉద్యోగం అడగడం, ఎదుటివాళ్లు చెప్పింది రాసుకోవడం. ఇక్కడ వైద్యం చేయించుకుని ఇంటికెళ్లిన రోగి ఎలా ఉన్నాడు, మందులు వేసుకుంటున్నాడా, మన వల్ల ఏమైనా కష్టం కలిగిందా అని ఇంటికి వెళ్లి కనుక్కుని ఫారం నింపుకుని రావడం. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా, అలా అడిగీ అడిగీ ఈ రాజమండ్రిలో నేను ఎక్కని అరుగు లేదు, నన్ను తరమని కుక్క లేదు. (నవ్వులు) ఇవాళ మొదటిసారి నన్ను మాట్లాడమని మీరంతా వింటున్నారు. కొంచెం భయంగా ఉంది.

ఇందాక అధ్యక్షుల వారు నా గురించి చెబుతూ మూడు సార్లు "తొంభై ఎనిమిది శాతం" అన్నారు. ఆ షీల్డు కూడా తెప్పించి బల్ల మీద పెట్టారు. ఆ సంగతి తెలియని వాళ్ల కోసం చెబుతాను. కరోనా రెండోసారి వచ్చి వెళ్లాక, ఊపిరితిత్తులు దెబ్బతిన్న వాళ్లకి ఇంట్లోనే పెట్టుకోమని మన ఆసుపత్రి నలభై ఆక్సిజన్ మిషన్లు ఇచ్చింది. కరెంటుతో నడిచేవి. రోజుకి పదిహేను గంటలు ముక్కుకి పెట్టుకోవాలని డాక్టర్లు చెప్పారు. నెలకోసారి ఆ నలభై ఇళ్లకీ వెళ్లి ఎన్ని గంటలు వాడుతున్నారో కనుక్కోవడం నా పని. నలభై ఇళ్లలో ముప్పై తొమ్మిది ఇళ్ల వాళ్లు "డాక్టరు గారు చెప్పినట్టే వాడుతున్నామండి" అన్నారు. అరను పైకి సర్దితే అదే తొంభై ఎనిమిది శాతం. ఇంత చక్కటి ఫలితం రాష్ట్రంలోనే లేదని ఆ లెక్క ఏదో పెద్ద సమావేశంలో తెర మీద వేశారు, నాకు షీల్డు ఇచ్చారు. ఆ మిగిలిన ఒక్కాయన కోరుకొండలో రిటైరైన గుమస్తా. "వాడను పో, దాని రొద నాకు పడదు" అని నా మొహం మీదే అన్నారు. రిపోర్టులో ఆయన పేరు ఎదురుగా "సహకరించని రోగి" అని రాశాను. (నవ్వులు) నవ్వకండి. ఆ నలభై మందిలో వాడట్లేదన్న నిజం నాకు చెప్పింది ఆయనొక్కరే.

అవునండి, ఇది చెబుదామనే నిలబడ్డాను. సన్మానం చేస్తుంటే ఇలాంటి మాట చెప్పడం మర్యాద కాదని తెలుసు. కానీ శాలువా కప్పించుకుని, షీల్డు పక్కన ఫోటో దిగి, ఈ మాట చెప్పకుండా ఇంటికి వెళ్తే నాకు అన్నం సహించదు.

రేవు దగ్గర చేపలవాళ్ల వీధిలో మరిడమ్మ ఇల్లు నా జాబితాలో పదిహేడోది. నలభై ఏళ్లు నెత్తిన గంపతో చేపలమ్మిన మనిషి. ఊపిరి ఆడక గంప దింపేసింది, కోడలు ఎత్తుకుంది. ఆ కోడలే ఈ సత్యవాణి. నేను వీధి మలుపు తిరిగేసరికే మరిడమ్మకి ఎలా తెలిసేదో తెలిసేది. "ఆయ్, రండమ్మా రండి, ఎండన పడి వచ్చారు, ముందు కూకోండి" అనేది. నేను ఫారం తీసేలోపు తనే నన్ను అడిగేది, తిన్నారా, మోకాళ్ల నొప్పి తగ్గిందా, మీ చర్చిలో పాస్టరు గారు మారారట కదా అని. ఉద్యోగం నాదైనా సర్వే తనే చేసేది. ఎండు చేపల వాసన, తడి వలలు, దండెం మీద చీరలు, ఆ చిన్న అరుగు మీద ఇద్దరం. అన్ని ఇళ్లలోనూ పావుగంట ఉండేదాన్ని, అక్కడ మాత్రం గంట దాటిపోయేది. ఆఫీసులో మాత్రం బస్సు దొరకలేదని చెప్పేదాన్ని. (నవ్వులు)

అన్నీ అయ్యాక అడిగేదాన్ని, మిషను ఎన్ని గంటలు పెట్టుకుంటున్నావు మరిడమ్మా అని. "పదిహేను గంటలమ్మా. మీరు చెప్పాక తప్పుతానా?" అనేది. లోపల గదిలో మిషను నడుస్తూనే ఉండేది. శుభ్రంగా తుడిచి ఉండేది. నేను టిక్కు పెట్టేదాన్ని.

ఇక్కడ అమ్మిరాజు గారి గురించి చెప్పాలి. ఆ వీధికి ఆయన మీటరు చూడ్డానికి వచ్చే తేదీ, నేను ఫారంతో వెళ్లే తేదీ దాదాపు ఒకటే. ఆయన్ని చూస్తే జనం మొహం మాడ్చుకుంటారు, నన్ను చూస్తే కాఫీ పెడతారు. అందుకని నా వెనకాలే వచ్చి నాకిచ్చిన కాఫీలో సగం తాగేవారు. (నవ్వులు) అడ్డంగా తల ఊపకండి అమ్మిరాజు గారూ, ఇవాళైనా ఒప్పుకోండి. ఒకరోజు ఆ కాఫీ తాగుతూనే అన్నారు: "సంపూర్ణమ్మగారూ, మీ మిషను రోజుకి పదిహేను గంటలు తిరిగితే నెలకి నూట యాభై యూనిట్లు పెరగాలండి. మరిడమ్మగారింట్లో మిషను రాకముందు రెండు వందల పది, వచ్చాక రెండు వందల పద్నాలుగు. మీ మిషను కరెంటుతో కాదు, దేవుడి దయతో నడుస్తున్నట్టుందండి."

నాకు కోపం వచ్చింది. మీ మీటరు పాడైందేమో చూసుకోండి, నా పేషెంట్లు అబద్ధాలాడరు అన్నాను. ఆయన కాఫీ గ్లాసు అరుగు మీద పెట్టి, "సరేనండి" అని వెళ్లిపోయారు. అప్పుడు నేను లోపలికి వెళ్లి మరిడమ్మని ఒక్క మాట గట్టిగా అడగాల్సింది. అడగలేదు. ఎందుకు అడగలేదో ఇన్నాళ్లూ రకరకాలుగా సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి ఏంటంటే, నాకు ఆ తొంభై ఎనిమిది ముద్దొచ్చింది.

మరుసటి సంవత్సరం వేసవిలో మరిడమ్మ పోయింది.

పదో రోజున పలకరించడానికి వెళ్తే సత్యవాణి చెప్పింది. నీ మాట నేను చెప్పొచ్చు కదమ్మా? చెప్పమంటోంది. ఆ రోజు తను అన్నది ఇది: "మీరొచ్చే రోజున మాత్రమే మిషను వేయించేదండి. పొద్దున్నే లేపి, ఈవేళ సంపూర్ణమ్మగారు వస్తారే, మిషను తుడిచి పెట్టు అనేదండి. మీరు వీధి దాటగానే ఆపించేసేదండి. నేను కాళ్లావేళ్లా పడ్డా వినలేదండి. మూడొందలు దాటితే కార్డు పోద్దంట, పిల్లల చదువు ఆగిపోద్దంట, నాకేం పర్లేదులే, తలుపు తీస్తే గోదారి గాలి ఉంది కదే అనేదండి."

మూడు వందల యూనిట్లు దాటితే పింఛనూ బియ్యం కార్డూ, దాంతోపాటు పిల్లల చదువుకిచ్చే డబ్బూ తీసేస్తారని అప్పట్లో వీధివీధినా భయం. చేపల కోసం కరెంటు ఐసు పెట్టె ఎలాగూ ఉంది. దాని మీద మన మిషను తిరిగితే మూడు వందలు దాటిపోతుంది. చదువుకోని ఆ మనిషి ఇంత లెక్కా వేసుకుంది. నేను డిగ్రీ చదివి టిక్కులు పెట్టుకుంటూ కూర్చున్నాను. అయ్యా, ఆ షీల్డు సంగతి ఇది.

ఆ తరువాత అమ్మిరాజు గారింటికి వెళ్లి క్షమాపణ అడిగాను. ఆయన కాఫీ ఇప్పించారు, ఈసారి పూర్తి గ్లాసు. అప్పటి నుంచి పద్ధతి మార్చాను. ముందు ఇంటివాళ్ల అనుమతితో గోడ మేకుకి గుచ్చిన కరెంటు బిల్లులు చూసేదాన్ని, ఆ తరువాతే ప్రశ్న. అదీ అరుగు మీద నలుగురి ఎదుటా కాదు, లోపల మనిషి పక్కన కూర్చుని, వాడకపోయినా పర్లేదు, ఎందుకు వాడట్లేదో చెప్పు చాలు అని అడిగేదాన్ని. అప్పుడు బయటపడ్డాయి నిజాలు. కడియం నర్సరీలో మొక్కలకి నీళ్లు పెట్టే చినబాబు, "పగలంతా మిషను దగ్గర కూర్చుంటే కూలి పోద్దండి, చెబితే డాక్టరు గారు కోప్పడతారని చెప్పలేదండి" అన్నాడు. అతని వేళలు అతని పనికి తగ్గట్టు డాక్టరు గారు మార్చారు. ఇవాళ అతను బాగానే పని చేసుకుంటున్నాడు. యూనిట్ల భయం ఉన్నవాళ్లకి వైద్యానికి మిషను పెట్టుకున్నారని ఉత్తరాలు రాయించి ఆఫీసుల చుట్టూ తిరిగాను. కొన్ని పనులయ్యాయి, కొన్ని కాలేదు.

ఇలా నిజం రాయడం మొదలుపెట్టేసరికి నా తొంభై ఎనిమిది కాస్తా అరవై ఒకటికి పడింది. మీటింగులో ఒక పెద్దాయన, "సంపూర్ణమ్మగారూ, వయసు మీద పడి మీ పనితీరు తగ్గినట్టుందండి" అన్నారు. ఎవరన్నారో చెప్పను. అధ్యక్ష స్థానంలో కూర్చున్నారు కాబట్టి అసలు చెప్పను. (నవ్వులు, చప్పట్లు) అయితే మర్నాడే ఆయన నన్ను పిలిచి ఆ ఫారాలన్నీ ఒక్కొక్కటీ చదివించుకున్నారు, ఆ ఉత్తరాల మీద సంతకాలు పెట్టింది కూడా ఆయనే. ఆ రుణం ఉంది డాక్టరు గారూ.

రేపటి నుంచి నా చోట ఎవరూ రారు. ఫోనుకి మెసేజీ వెళ్తుంది, రోగి నక్షత్రాలు నొక్కుతాడు. ఆ పనంతా చూడబోయేది మా సారిక. తెలివైన పిల్ల, నాకు లేని ఓపిక ఉంది. ఇవాళ ఉదయం తనే వచ్చి, "మేడమ్, రిటైరయ్యేవాళ్లకి కూడా ఫారం ఉందండి, ఒక్క నిమిషం" అని ఫోను నా చేతిలో పెట్టింది. మీ ఉద్యోగ విరమణ పట్ల ఎంత సంతృప్తిగా ఉన్నారు, ఒకటి నుంచి ఐదు నక్షత్రాలు. సారిక ఎదురుగా నిలబడి నవ్వుతూ చూస్తోంది. ఈ సభ కోసం ఆ పిల్ల రెండు రోజులుగా తిండి కూడా సరిగా తినలేదు. తక్కువ నొక్కితే ఎంత చిన్నబుచ్చుకుంటుందో అనిపించింది. ఐదూ నొక్కేశాను.

నొక్కి ఫోను తిరిగిచ్చాక మరిడమ్మ గుర్తొచ్చిందండి. మరిడమ్మ నాకు అబద్ధం చెప్పింది కార్డు పోతుందన్న భయంతోనే అని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆ భయంతో మిషను ఆపింది, నిజమే. కానీ నాతో అబద్ధమాడింది మాత్రం నేను నొచ్చుకుంటానని. ఎండలో అంత దూరం నడిచి వచ్చిన మనిషిని ఉత్తి చేతులతో పంపడం ఇష్టం లేక, నాకు కావలసిన జవాబు నాకు ఇచ్చి పంపింది. ఇన్నేళ్లలో నన్ను అంత ఆదరంగా చూసిన మనిషి లేదు, అలాంటి మనిషిని నేను దక్కించుకోలేకపోయాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ అరుగు మీద కూర్చుని, ఫారం లేకుండా, "మరిడమ్మా, నిజం చెప్పు" అని అడగాలని ఎంత ఉందో చెప్పలేను. ఆ వీధిలోంచి ఇప్పుడు వెళ్లినా నడక దానంతటదే నెమ్మదిస్తుంది.

డాక్టరు గారూ, మిషన్లు ఉన్న ఇళ్లు ఇప్పుడు ముప్పై ఒకటి. వాటికి మాత్రం మెసేజీలు వద్దండి, నెలకోసారి సారికని పంపండి. తల ఊపారు, అందరూ చూశారు, ఇక మాట తప్పడానికి లేదు. ఇంతకాలం నన్ను భరించినందుకు మీకు, నాకు తలుపులు తీసిన ప్రతి ఇంటికీ, నిజం చెప్పినందుకు అమ్మిరాజు గారికి, నన్ను క్షమించినందుకు సత్యవాణికి నా కృతజ్ఞతలు.

సారికా, ఉదయం ఇచ్చిన ఆ ఫారం మళ్లీ తెరువమ్మా. ఐదు నక్షత్రాలూ తీసెయ్. సంపూర్ణమ్మకి బాగాలేదు, దిగులుగా ఉంది, రేపు పొద్దున్న ఏ గుమ్మం ముందు నిలబడాలో తెలియడం లేదు. ఇది నేనిస్తున్న సరైన జవాబు, ఉన్నదున్నట్టు రాసుకో.

సెలవు.