ఎనిమిదో పేరు

కమాను మీద ఏడు పేర్లే ఉన్నాయంటావేం, సరిగ్గా చూడు, ఎనిమిదోది కూడా ఉంది. అట్టడుగున పసుపు రంగు మందంగా ఉన్న చోట. వానలు పడ్డాక పైరంగు పొరలు లేస్తాయి, కింద అక్షరాలు తొంగిచూస్తాయి. ఆగస్టులో జెండా పండక్కి ముందు మళ్ళీ పూసేస్తారు. పందొమ్మిదేళ్ళుగా ఇదే తంతు. ఈ ఏడాది వరదకి ఒక పక్క స్తంభం కూలింది గానీ ఆ పేరున్న స్తంభం మాత్రం చెక్కుచెదరలేదు చూశావా. ఊరి చరిత్ర రాయమన్నారు అంటున్నావు కదా, రాసుకో. ఎండా విద్యానింగ్. మీ యూనివర్సిటీ పిల్లే. ఆ ఏడాది భూకంపం అయిన నెలన్నరకి ఎనిమిదిమందిని మా పేటకి పంపారు, నిన్నూ నీ జట్టునీ ఇప్పుడు పంపినట్టే, డిగ్రీ కావాలంటే రెండు నెలలు ఊళ్ళో సేవ చెయ్యాలని. మా ఇల్లు సగం పడిపోయి ఉంది, అయినా మా ఆయన పేట పెద్ద కదా, మా పెరట్లోనే రెండు గుడారాలు వేశారు వాళ్ళకి. మగపిల్లల్లో ఒకడికి కోళ్ళంటే భయం, పొద్దున్నే గుడారంలోంచి బయటికి రావాలంటే మమ్మల్ని కేకేసేవాడు. వాడిప్పుడు పెద్ద ఇంజనీరట. సరే, వాడి సంగతి దేనికిలే. ఎండా పొట్టి పిల్ల, గట్టిగా ఉండేది. తల్లి ఎక్కడో కొండల అవతల సంతలో తెంపే, అదే పులియబెట్టిన సోయాగింజల అచ్చులు, అమ్ముకునేది. మాట మొదలెడితే చాలు, "అది సరేగానీ అమ్మా" అనేది. ఆ 'సరేగానీ' వినపడిందంటే మా ఆయన పేపరు అడ్డం పెట్టుకునేవాడు.

అప్పుడు మాకు ఇళ్ళు లేవు అనుకుంటారు అందరూ. ఇళ్ళ మాట అలా ఉంచు, ఆడవాళ్ళకి స్నానానికి చోటు లేదు. దాని గురించి ఏ పేపర్లోనూ రాయలేదు. పెరటి గదులన్నీ పోయాయి. ఏట్లో చేద్దామంటే ఏటి ఒడ్డునే సహాయ శిబిరం, లారీ డ్రైవర్లు, సైనికులు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన మగాళ్ళు. చేదబావి దగ్గర పాత స్నానాల గోడ ఒకటే నిలబడి ఉంది, అదీ నిలువునా చీలి, ఇటు చెయ్యి పెడితే అటు వేళ్ళు కనపడేవి. మేం కోడి కుయ్యకముందే లేచి, గుండెలకి బట్ట కట్టుకుని, ఒకరికొకరు చీర అడ్డం పట్టుకుని నాలుగు చెంబులు పోసుకునేవాళ్ళం. నెలసరి రోజుల్లో ఎలా ఏడ్చామో మా దేవుడికి తెలుసు. ఎండా వచ్చిన మూడోరోజు మాతోపాటు లేచి వచ్చింది. ఆ మధ్యాహ్నమే శిబిరానికి వెళ్ళి, వాళ్ళతో ఏం గొడవపడిందో ఏమో, నీలం టార్పాలిను ఒకటి పట్టుకొచ్చి బావి చుట్టూ నాలుగు వెదుళ్ళు పాతి కట్టేసింది. గోడకి అడ్డంగా తాడు కట్టి, ఇటు రావద్దని అట్టముక్క వేలాడదీసింది. ఆరోజు మా తుమీరా, పక్కింటి పిల్ల, ఇరవయ్యారేళ్ళది, పట్టపగలు తలంటుకుని ఆ తడిజుట్టుతో పేటంతా తిరిగింది. ఎంత గర్వమో దానికి, గెలిచినదానిలా.

టార్పాలిను ఎన్నాళ్ళుంటుంది, గదులు కట్టాలి అంది ఎండా. అప్పుడే ఏదో కంపెనీవాళ్ళు పాతిక బస్తాల సిమెంటు ఇచ్చి పోయారు, పేటకి పనికొచ్చేది కట్టుకోమని. మండలాఫీసు వాళ్ళేమో కోలుకున్న పేటలకి పోటీ పెట్టారు, ఆగస్టులో వచ్చి చూసి బహుమతి ఇస్తామని. మగాళ్ళందరికీ కమాను మీద పడింది మనసు. అసలు మీ యూనివర్సిటీ పిల్లలు ఏ ఊరొచ్చినా ఏదో ఒక కమానో పేర్ల పలకో కట్టి, దాని మీద పేర్లు రాసుకుని పోవడం రివాజే కదా, కోపం తెచ్చుకోకు, ఉన్నమాటే అంటున్నా. ఎండా ఒప్పుకోలేదు. రెండు రోజులు ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళతో మాట్లాడింది. నలభై ఒక్కమంది, మాకు స్నానాల గదులే కావాలన్నారు. వాళ్ళ పేర్లన్నీ కాగితం మీద రాసింది నేనే. నా రాత గుండ్రంగా ఉంటుందని మురిసిపోయింది, అచ్చు వేసినట్టుందమ్మా అని. "అది సరేగానీ అమ్మా, ఇది మీరే చదవాలి. నా మాట లెక్కలోకి రాదు" అంది. నిజమే. మా మీటింగుల పద్ధతి నీకింకా తెలీదు. ఓట్లు, చేతులెత్తడాలు ఉండవు. పెద్దలు ఒక మాట అంటారు, ఆ తర్వాత అందరూ కాసేపు ఊరుకుంటారు. ఎవరూ ఏమీ అనకపోతే 'అందరూ సమ్మతించారు' అని పుస్తకంలో రాసేస్తారు. కానీ ఆ కాసేపట్లో పేట మనిషి ఒక్కరు కాదన్నా రాయకూడదు, మళ్ళీ మొదటికి రావాల్సిందే. పై ఊరివాళ్ళ మాట మాత్రం చెల్లదు. ఒక్క నోరు చాలన్నమాట. చదువుతానని మాటిచ్చాను. కాగితం మడిచి రవికలో పెట్టుకున్నాను.

మీటింగు రోజు మా ఇంట్లో మగాళ్ళు ముందు చాపల మీద, మేం వెనక గుమ్మం దగ్గర, టీలు, వేయించిన అరటికాయలు. లవంగం సిగరెట్ల పొగ. మా ఆయన మొదలెట్టాడు, ఆయన మంచాడే, చెయ్యెత్తి ఎప్పుడూ కొట్టలేదు, అదొక గొప్పలా చెప్తున్నాను చూడు నేను. "స్నానం ఎక్కడైనా చెయ్యొచ్చు. ఊరికి మొహం ఒకటుండాలి కదా" అన్నాడు. రిటైరైన మేష్టారు సాస్త్రో అందుకుని, మా అమ్మ డెబ్భయ్యేళ్ళు ఏట్లోనే స్నానం చేసింది, ఏమీ అరిగిపోలేదు అన్నాడు. నవ్వులు. ఎండా కూర్చున్నచోటి నుంచే, "మీ అమ్మగారి రోజుల్లో ఏటి ఒడ్డున వందమంది కొత్త మగాళ్ళు కాపరం పెట్టలేదు కదండీ" అంది. నవ్వులు ఆగిపోయాయి. పెద్దల ఎదుట చిన్నపిల్ల అలా అనడం మాకు ఎంత తప్పో నీకు తెలుసు. తర్వాత ఆ గోడ చీలిక గురించి కూడా చెప్పింది, అది ఇవాళో రేపో ఎవరి మీదో పడుతుందని. అయ్యాక అందరూ ఊరుకున్నారు. అదే ఆ కాసేపు. ఎండా వెనక్కి తిరిగి నావంకే చూస్తోంది. తుమీరా చూస్తోంది. నా చెయ్యి రవిక దాకా వెళ్ళింది కూడా. అప్పుడు మా ఆయన నావైపు తిరక్కుండానే గ్లాసు పైకెత్తి, "పంచదార తక్కువైందే" అన్నాడు. అంతే. నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. డబ్బా ఎక్కడుందో తెలిసి కూడా వెతికాను. తిరిగొచ్చేసరికి పుస్తకంలో రాసేసి మూసేశారు.

ఎండా ఆరోజు నన్ను తిట్టినా బాగుండేది. టార్పాలిను తాళ్ళు మళ్ళీ బిగించింది. మగపిల్లలు కమాను కట్టారు, ఎనిమిది పేర్లూ రాశారు. పోటీ చూడ్డానికి ఆఫీసరు వచ్చేరోజు పొద్దున్న ఎండ మండిపోతోంది, కుర్చీల మీద నీడ లేదు. మా ఆయన నాతో, ఆ బావి దగ్గర టార్పాలిను ఒక్కపూట తేకూడదూ, మధ్యాహ్నానికి మళ్ళీ కట్టేయొచ్చు అన్నాడు. ఎండా పిల్లలచేత పాట సాధన చేయిస్తోంది. నేనే వెళ్ళి విప్పాను. నేనే. ముడులు గట్టిగా ఉన్నాయి, పళ్ళతో లాగాల్సొచ్చింది. ఎండా ముడులు మరి. తుమీరా పొలం నుంచి బురదతో వచ్చింది, ఆఫీసరు ముందు ఆడవాళ్ళు స్వాగతం పలకాలన్నారు కదా, స్నానం చెయ్యాలి. బావి దగ్గర చూస్తే నాలుగు వెదుళ్ళు. దారిలో మగాళ్ళు కుర్చీలు మోస్తున్నారు. తాడు దాటి గోడ వెనక్కి వెళ్ళింది. భూమి కూడా కదల్లేదమ్మా ఆరోజు. గోడ ఊరికే పడింది, అలసిపోయినట్టు.

ఇటుకలు తీసింది ఎండా, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు. మేమంతా కమాను దగ్గర ఉన్నాం, ఆఫీసరు మాట్లాడుతున్నాడు, ఈ పేట ఆత్మవిశ్వాసం అదీ ఇదీ అని. ఎండా అలాగే మోచేతుల దాకా మట్టితో వచ్చి ఆయన ముందు నిలబడింది. అరవలేదు. "అయ్యా, మీ నెత్తి మీదున్న నీడ తుమీరాది. గోడ కింద పడుకుని ఉంది, ఆమె మీద కప్పడానికి కావాలి, ఇప్పించండి" అంది. కుర్రాళ్ళు చప్పట్లకి ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. ఆ కాస్సేపూ ఊరంతా ఆడవాళ్ళదే అనిపించింది నాకు. ఆ తర్వాత ఎవరో ఆమె భుజం పట్టుకుని పక్కకి తీసుకెళ్ళారు, ఆఫీసరు దగ్గి మళ్ళీ మొదలెట్టాడు. మా పేటకి రెండో బహుమతి వచ్చింది. గోడ గడియారం. అదిగో, ఇప్పటికీ టైము చూసేది దాన్లోనే. తుమీరా మొగుడు టౌన్లో రిక్షా తొక్కేవాడు, ఏడాది తిరక్కుండా మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. తప్పంటానా, అనను, పిల్లాడున్నాడు మరి.

మీ మార్కులు పేట పెద్దే కదా వెయ్యాలి. సమాజంతో మెలగడం అని ఒక గడి ఉంటుంది, నీ కాగితంలోనూ ఉంటుంది చూసుకో. మా ఆయనకి భూకంపంలో కుడిచేతి వేళ్ళు నలిగాయి, కలం పట్టలేడు. ఆయన చెప్పాడు, నేను రాశాను. ఏడుగురికీ మంచి మార్కులు. కోళ్ళ భయం వాడికి అన్నిటికన్నా ఎక్కువ, నవ్వించేవాడని. ఎండా దగ్గరకొచ్చి ఆగాడు. "ఫెయిల్. పెద్దల పట్ల మర్యాద లేదు, ఊరి పరువు తీసింది" అన్నాడు. నేను కలం కదపలేదు. ఆయన, రాయవేం, ఇదిగో ఈ గడిలో అన్నాడు, మెల్లగానే. రాశాను. గుండ్రంగానే రాశాను. వెళ్ళేరోజు ఎండాకి ఆ కాగితం చేతికిచ్చారు. చదువుకుంది. ఇంకోసారి చదువుకుంది. నా దగ్గరకొచ్చి, "అమ్మా, ఈ రాత మీదేనా" అని అడిగింది. నా చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంది, పెద్దవాళ్ళకి వెళ్ళొస్తానని చెప్పేటప్పుడు మీరు చేస్తారే, అలా, ఏ లోటూ లేకుండా. మర్యాద లేదని రాశాను నేను ఆ పిల్లకి.

ఆ పిల్ల వెళ్ళగానే కమాను మీద ఆ పేరుకి పసుపు పూయించాడు మా ఆయన. ఆ ఒక్క మార్కు పోతే మళ్ళీ ఏడాది ఫీజు కట్టి రావాలట. తల్లి తెంపే అమ్ముకునే మనిషి, ఎక్కడ కడుతుంది. చదువు మానేసిందన్నారు. తైవాన్లో ముసలాళ్ళకి స్నానాలు చేయించి, మందులిచ్చే పనికి వెళ్ళిందని ఆ కోళ్ళ భయం వాడే చెప్పాడు, ఒకసారి కారేసుకుని భార్యకి కమాను చూపించడానికి వచ్చినప్పుడు. కొన్నాళ్ళు ఫోన్లు చేసేదట తన జట్టువాళ్ళకి. తర్వాత ఆ నంబరు పనిచెయ్యలేదు. వాళ్ళమ్మ కూడా చనిపోయింది. ఎవరికీ తెలీదు ఇంక. నేను పోయాక అడిగేవాళ్ళు కూడా ఉండరు. బావి దగ్గర స్నానాల గదులా? కట్టారుగా. ఆరేళ్ళకి కట్టారు, మేష్టారి కూతురు ఊళ్ళోనే కాపరం పెట్టినప్పుడు.

ఇవన్నీ రాస్తావా నీ చరిత్రలో? రాయనిస్తారా? అది కాదు నువ్వడుగుతున్నది, నాకు తెలుసు. సాయంత్రం మీటింగులో ఈ వరద సిమెంటుతో చంటిపిల్లల తల్లులకి పేట హాల్లో గది కట్టమని నువ్వంటావు, మావాడు, ఇప్పుడు వాడే కదా పేట పెద్ద, కూలిన స్తంభం సంగతి ఎత్తుతాడు. తర్వాత అందరూ ఊరుకుంటారు. అప్పుడు నన్ను లేవమంటావు. నా కొడుకే కదా అంటావు. కొడుకే. వాడూ చెయ్యెత్తడు, గొంతెత్తడు, అచ్చం వాళ్ళ నాన్నే. పొద్దున్నించీ నువ్వు నావంక ఎలా చూస్తున్నావో నాకు కనపడదనుకున్నావా? అలాంటి చూపు ఒకటి చూశాను నేను. తప్పకుండా లేస్తానని అప్పుడూ అన్నాను, ఒట్టేసి మరీ అన్నాను. నలభై ఒక్కమంది నమ్మారు. నువ్వు నమ్మకు తల్లీ. ఆ తల్లుల్లో ఎవర్నన్నా, చిన్నదాన్ని, ఇంకా ఊరుకోవడం అలవాటు కాని దాన్ని చూసుకో. నన్ను మాత్రం…

అదిగో, సాస్త్రో మనవడు వచ్చేశాడప్పుడే. ఆ చాప కొస పట్టుకో, ముందు వరసకి కొత్తవి వెయ్యాలి.