పసుపునీళ్ళతో కడిగిన బండి

ఏంది రూపేషూ, ఆ బకెట్టు యాడికి? కాలికి కట్టు పెట్టుకోని బండి కడగను పోతా ఉండావా? నిలబ్బా, నిలు. నిన్న నిన్ను గుద్దిన ఆటో రంగు హ్యాండిలుకు అట్లే ఉండాది గదా, కడగబాకు. ఇట్లా కూసో. మా మునిచంద్ర బావ బండి ఇట్లే కడిగి సెడిపినా నేను. ఎవురంటావేమి, మా కుప్పమ్మక్క మొగుడు. నువ్వు పుట్టకముందే పోయినాడులే. నగరిలో ఆయన మాదిరి గుంటమగ్గం తొక్కేవాడు లేడు.

చీరల మూట ముందర పెట్టుకోని బావ మోపెడ్డు తోలతా ఉంటే ఎనక నేను. వడమాలపేట దాటినామా... లేదు లేదు, దాటింటే టీ తాగింటాం. ఎనకనించి వ్యానొచ్చి కొట్టేసింది. లేసి సూస్తే దుమ్ము. వ్యాన్ని నేను సూళ్ళేదు, ఒట్టు. బావ కుడికాలు మోకాటి కింద నుజ్జునుజ్జు. ఆయన్ని ఆసుపత్రిలో పెట్టి బండి ఇంటికి తెస్తే, మా యమ్మ వాకిట్లోనే నిలిపేసింది. 'నెత్తురంటిన బండి గడప దాటకూడదు, పసుపునీళ్ళు పోసి కడగరా' అని. కడిగినా. ఊరికే కడిగినానా? హ్యాండిలుకంటిన వ్యాను రంగంతా కిరసనాయిలేసి రుద్ది తీసినా, సొట్ట సుత్తితో సరిజేసినా, దిష్టికి గుమ్మడికాయ కొట్టి చక్రాలకింద నిమ్మకాయలు పెట్టినా. అంతా అయినాక ఫోటో తీపించినా, లాయరు అడిగినాడని. ఆయన అది సూసి తలకొట్టుకున్నాడు. 'ఏమయ్యా, ఇది దెబ్బతిన్న బండా, కొత్తగా కొన్న బండా?' అని.

ఆపైన పోలీసోళ్ళు ఒక పాలవ్యాను పట్టినారు. సాక్షి నేనొక్కణ్ణే. 'పరంధామయ్యా, పరంధామయ్యా, పరంధామయ్యా' అని కోర్టులో మూడుసార్లు పిలిస్తే పోయి బోనెక్కినా. వ్యాను రంగేమి అనినాడు అవతలి లాయరు. నేను సూసింది రుద్దిన గుడ్డను గదా? దానికి ఆకుపచ్చ అంటింది. 'ఆకుపచ్చ సార్' అంటి. ఆయన నవ్వి జడ్జి తట్టు తిరిగినాడు. 'మా వ్యాను నీలం సార్!' అంతే, కేసు పాయ.

కోర్టునించి ఇంటికొచ్చే బస్సులో బావ సంకకర్రలు ఒళ్ళో పెట్టుకోని కూసున్నాడు. పుత్తూరు దాటినాక మెల్లిగా, 'పరంధామా, నీలం నూలు పసుపులో ముంచితే ఏ రంగొస్తాది?' అనినాడు. అద్దకం తొట్టి పక్కన పుట్టినోణ్ణి, నాకు తెలీదా? ఎట్లా తోచకపాయనబ్బా! మళ్ళా ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు బావ. తిట్టింటే బాగుండు. ఆ కాలుతో ఇంక మగ్గం తొక్కలేకపాయ, మా యక్క మగ్గంలో కూసునింది, ఆయన పోయేదాకా ఆమెకు నూలు కండెలు సుట్టినాడు.

అయినా కిరసనాయిలు గుడ్డకు పసుపెట్లా అంటింది? రెండు గుడ్డలా, ఒకటేనా? ఒకటే అనుకుంటా. నిజంగా ఆకుపచ్చ వ్యానే కొట్టింటే? బావ అడిగినాడు గాబట్టి నీలమంటా ఉండానా? ఇన్నేండ్లయినా తేలదు నాకు.

ఎవురక్కడ, మీ చెల్లెలు హేమశ్రీనా? ఆ దిష్టి గుమ్మడికాయ లోపల పెట్టుమ్మా, రెండునాళ్ళు ఆగి కొడదాం. రూపేషూ, ఫోను తియ్యి. హ్యాండిలు దగ్గరగా తియ్యి, బండి నేలకు గీసుకున్న గీత గూడా. ఆ రంగేందో నువ్వే సూసి రాసి పెట్టుకో. నన్ను మాత్రం అడగబాకు నాయనా.